లోతు ఎక్కడ ఉన్నది? చిత్రంలోని ఆకాశం, భక్తుడు నిలిచే చోటు



శామీర్‌పేట నుండి మేడ్చల్ వైపు వెళ్ళే దారిలోని ఒక చిన్న రామాలయంలో ఇరవై ఏళ్ళకు పైగా అర్చకత్వం చేస్తున్నాను. నేను వచ్చిన కాలంలో ఆలయం చుట్టూ ద్రాక్షతోటలు, జొన్నచేలు ఉండేవి. ఇప్పుడు ఆ స్థానంలో బహుళ అంతస్తుల గృహసముదాయాలు వెలశాయి. భక్తులు పెరిగారు, మండపాన్ని విస్తరించాము. విస్తరించిన మండపంలో ఉత్తరపు గోడ ఖాళీగా ఉన్నది. రాబోయే శ్రీరామనవమి నాటికి దానిపై పట్టాభిషేక ఘట్టాన్ని చిత్రింపజేయాలన్నది అందరి సంకల్పం. ఎలా చిత్రింపజేయాలన్న విషయంలోనే అభిప్రాయభేదం వచ్చింది.

గ్రామపెద్దలు కొందరు చేర్యాల చిత్రకారులను పిలిపిద్దామన్నారు. వ్యయం భరించడానికి ముందుకు వచ్చిన ఒక యువభక్తుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తన ఫోనులో మరొక చిత్రాన్ని చూపించాడు. అది కంప్యూటరు ద్వారా రూపొందిన పట్టాభిషేకం. వందల స్తంభాల సభామండపం, దూరదూరంగా చిన్నవవుతూ పోయే దీపాల వరుసలు, నేలపై ప్రతిబింబాలు. దానిని పెద్ద షీటు మీద ముద్రించి గోడకు అతికించవచ్చునట.

"అయ్యగారూ, చేర్యాల బొమ్మలు అందంగానే ఉంటాయి. కానీ వాటిలో లోతు లేదు కదా! అందరూ ఒకే వరుసలో గోడకు అతికించినట్లు ఉంటారు. ఇది చూడండి, అయోధ్య సభలోకి నడిచి వెళ్తున్నట్లే ఉంటుంది" అన్నాడు.

ఆ మాటలో అవహేళన లేదు. రాముని సభలోకి ప్రవేశించాలన్న ఆర్తి ఉన్నది. అందుచేత అప్పటికప్పుడు బదులు చెప్పలేదు. "నాయనా, వారం రోజులు గడువివ్వు" అన్నాను. ఆ వారం రోజుల ఆలోచనయే ఈ వ్యాసం. నేను చిత్రకళాకోవిదుడను కాను. వేదపాఠశాలలో చదివినవాడను, జీవితమంతా ఒక విగ్రహానికి ఎదురుగా నిలబడినవాడను. ఆ అధికారంతో మాత్రమే వ్రాస్తున్నాను.

ఆకాశమంటే అవకాశం

చిత్రంలో లోతు ఉన్నదా లేదా అని అడిగే ముందు, లోతు అనే మాటకు మూలమైన ఆకాశాన్ని గురించి ఆలోచించాలి. తైత్తిరీయోపనిషత్తులోని బ్రహ్మానందవల్లి సృష్టిక్రమాన్ని చెప్పినప్పుడు ఆత్మ నుండి మొదట ఆవిర్భవించినది ఆకాశమనే చెప్పింది. ఆకాశం యొక్క లక్షణం అవకాశమివ్వడం, దాని గుణం శబ్దం. మన తెలుగులో దానినే చోటు అంటాము, తెలంగాణ పల్లెల్లో జాగ అంటారు. చోటు అనగానే పుట్టే ప్రశ్న, ఎవరికి చోటు?

చిత్రకారుడు ఒక తలం మీద దేవతలకు చోటు కల్పిస్తాడు. ఆ పనిలోనే చూసేవాడికి కూడా తెలియకుండా ఒక చోటు నిర్ణయిస్తాడు. ఎక్కడ నిలబడి చూడాలి, కదులుతూ చూడాలా, నిలిచి చూడాలా, కన్నుతో మాత్రమే చూడాలా, చెవితో కూడానా అన్నవి చిత్రంలోని అవకాశం వల్లనే నిర్ణయమవుతాయి. అందువల్ల ఆలయచిత్రాన్ని పరీక్షించవలసిన ప్రశ్న, లోపల ఎంత దూరం కనిపిస్తున్నదని కాక, ఇది భక్తునికి ఎక్కడ చోటిస్తున్నదని ఉండాలని నా అభిప్రాయం. మన నేలమీద శ్రీరామకథను చిత్రించిన సంప్రదాయాలను ఈ దృష్టితో ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము.

లేపాక్షి: తలపైన కథ

అచ్యుతదేవరాయల కాలంలో, అనగా 16వ శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల ఆధ్వర్యంలో విస్తరించిన లేపాక్షి వీరభద్రాలయంలో చిత్రాలు మండపాల పైకప్పుమీద ఉన్నాయి. కిరాతార్జునీయం, గిరిజాకల్యాణం, శ్రీరామ పట్టాభిషేకం, వటపత్రశాయి మొదలైన ఘట్టాలు దీర్ఘమైన పట్టికలుగా సాగుతాయి. పాత్రలు వరుసగా, ఎక్కువగా పార్శ్వముఖంతో నిలుస్తారు. వెనుక దూరం చూపే ప్రయత్నం లేదు, సమతలమైన వర్ణమే నేపథ్యం. ఒకే అర్జునుడు ఒకే పట్టికలో తపస్సు చేస్తూ, మళ్ళీ యుద్ధం చేస్తూ పలుమార్లు దర్శనమిస్తాడు.

దీనిని ఒకచోట నిలబడి చూడడం సాధ్యం కాదు. తలయెత్తి, మెల్లగా అడుగులు వేస్తూ చూడాలి. చిత్రకారుడు దూరాన్ని చిత్రంలో గీయలేదు. ఆ దూరాన్ని మన పాదాలకు అప్పగించాడు. కథ ముందుకు సాగాలంటే మనం నడవాలి. ఇది ఒక విధమైన ప్రదక్షిణమే. అర్ధమండపపు కప్పుమీద మహాకాయుడైన వీరభద్రుడు, ఆయన పాదాల చెంత అతిచిన్న ఆకృతులలో నిర్మాణకర్తలు ఉంటారు. ఈ పరిమాణభేదానికి కారణం వారు దూరంగా నిలబడి ఉండడం కాదు, వారు భక్తులు కావడం. ఇక్కడ పరిమాణం మహిమకు కొలత, దూరానికి కాదు.

శ్రీకాళహస్తి: వస్త్రంపై గర్భాలయం

శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వస్త్రాన్ని కరక్కాయ, పాల మిశ్రమంలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుము, బెల్లంతో పులియబెట్టిన కసిమితో నల్లని రేఖలు గీస్తారు. క్షీణదశకు చేరిన ఈ విద్య 1950ల దశకంలో కమలాదేవి చట్టోపాధ్యాయ గారి ప్రోత్సాహంతో మళ్ళీ చిగురించింది. ఆ పరంపరలోని జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

వీరి రామాయణ వస్త్రంలో పట్టాభిషేకం మధ్యభాగాన పెద్దదిగా ఉంటుంది. చుట్టూ చిన్నచిన్న గళ్ళలో బాలకాండ నుండి కథ వరుసగా నడుస్తుంది. గళ్ళ మధ్యనున్న పట్టీలలో తెలుగులో వివరణ వ్రాయడం కూడా పరిపాటి. దీనిని చూసినప్పుడల్లా నాకు ఆలయ ప్రణాళికయే స్ఫురిస్తుంది. బయట ప్రాకారాలు, లోపల గర్భగృహం. కథంతా ప్రాకారంలో తిరిగి తిరిగి చివరకు మధ్యనున్న స్వామి వద్దకు చేరుతుంది. వనవాసం, వియోగం, యుద్ధం, అన్నీ ఆ కేంద్రం చుట్టూనే ఉన్నాయి. దుఃఖం అనుభవిస్తున్న గడిలోని సీతమ్మకు తెలియకపోవచ్చును గాని, చూసే భక్తునికి మాత్రం పట్టాభిషేకం ముందే కనిపిస్తూ ఉంటుంది. ఇక్కడ లోతు అంటే వెలుపలి నుండి లోపలికి చేసే ప్రయాణం.

చేర్యాల: శబ్దంతో నిండే ఆకాశం

సిద్దిపేట జిల్లాలోని చేర్యాల మాకు దూరం కాదు. అక్కడి నకాశీలు ఖాదీ వస్త్రానికి సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి ఆరబెట్టి, నునుపైన తలం సిద్ధం చేస్తారు. దానిపై ఉడుత వెంట్రుకల కుంచెతో రేఖలు గీసి, నేపథ్యాన్ని ఎర్రని రంగుతో నింపుతారు. ఆకాశం ఎరుపు, భూమి ఎరుపు, ఇంటిలోపల ఎరుపు, అడవిలో ఎరుపు. ఒక చెట్టు నిలిపితే అది అరణ్యం, రెండు స్తంభాలు నిలిపితే అది రాజసభ.

మా యువభక్తునికి లోతు కనిపించనిది ఇక్కడే. అయితే ఒక విషయం గమనించాలి. ఈ పటాలు మొదట గోడకు తగిలించడానికి పుట్టలేదు. సుమారు మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు గల చుట్టలవి. కూనపులివారు పద్మశాలీల ముంగిట మార్కండేయ పురాణాన్ని, డక్కలివారు మాదిగల ముంగిట జాంబపురాణాన్ని, ఇలా ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథకబృందం రాత్రివేళ పటం విప్పుతూ పాడేది. కథకుని కర్ర ఏ బొమ్మను తాకితే ఆ బొమ్మ సజీవమయ్యేది. ఆకాశగుణం శబ్దమని శాస్త్రం చెప్పినది కదా! చేర్యాల పటంలోని ఎర్రని అవకాశం గానంతో నిండడానికి విడిచిన చోటు. పాట లేకుండా దానిని చూసి లోతు లేదనడం, నాదం లేని వీణను చూసి కర్రముక్క అనడం వంటిది.

ఈ పటం తయారీని తలచుకున్నప్పుడల్లా విద్యారణ్యస్వామి పంచదశిలోని ఆరవ ప్రకరణమైన చిత్రదీపం జ్ఞాపకానికి వస్తుంది. చిత్రవస్త్రానికి ఆయన నాలుగు అవస్థలు చెప్పారు. ఉతికిన శుభ్రవస్త్రం ధౌతం. గంజి పూసి నునుపు చేసినది ఘట్టితం. రేఖలు గీసినది లాంఛితం. రంగులు నింపినది రంజితం. శుద్ధచైతన్యం, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు అనే నాలుగింటికి ఇవి దృష్టాంతాలు. ఆపైన మరొక సూక్ష్మం కూడా చెప్పారు. చిత్రంలోని మనుష్యులు ధరించిన వస్త్రాలు రంగుతో కల్పించినవి. నిజమైన వస్త్రం ఒక్కటే, అది అందరికీ ఆధారమైన పటం. జీవులలో తోచే చిదాభాస కూడా అటువంటిదే.

ఈ దృష్టితో చూస్తే పటానికి లోతు చిత్రంలోని వెనుకభాగంలో లేదు, పటంలోనే ఉన్నది. రాముడు, హనుమంతుడు, సభలో చివర నిలిచిన సేవకుడు, ముగ్గురూ ఒకే వస్త్రంపై ఉన్నారు. వారిలో ఎవరూ ఆధారానికి దగ్గర కారు, ఎవరూ దూరం కారు. దూరంగా ఉన్నవాడిని చిన్నవాడిగా చేసే చిత్రం ఈ మాట చెప్పలేదు. సమతలంగా ఉన్న చిత్రం మాటలేకుండానే చెబుతున్నది.

రవివర్మ: గవాక్షం అవతల దేవుడు

రాజా రవివర్మ (1848–1906) పాశ్చాత్య తైలవర్ణ పద్ధతిని స్వాయత్తం చేసుకొని మన పురాణాలను చిత్రించారు. సముద్రుని గర్వభంగం చేసే రాముని చిత్రంలో శిలపై ధనుస్సుతో నిలిచిన స్వామి, ఎదుట ఉప్పొంగే అలలు నిజమైన సముద్రతీరాన్ని తలపిస్తాయి. 1894లో బొంబాయిలో ఆయన స్థాపించిన ముద్రణాలయం వల్ల దేవతాపటాలు దేశమంతటా ఇంటింటికీ చేరాయి. ఆ మార్గంలోనే తరువాత వచ్చిన అచ్చుపటాలలో పట్టాభిషేకం పాలరాతి సభలో జరుగుతుంది. నేలమీది రేఖలన్నీ దూరాన ఒక బిందువు వైపు సాగుతాయి.

ఈ పద్ధతిని నిందించే అర్హత నాకు లేదు. మా తండ్రిగారి పూజామందిరంలో ఉన్నదీ అటువంటి పటమే. నేను మొదట నమస్కరించినదీ దానికే. మరొక మాట కూడా అర్చకుడిగా నేనే చెప్పాలి. ఆలయద్వారం తమకు మూసి ఉన్న రోజులలో ఎందరో దేవుణ్ణి తమ ఇంటి గోడమీద చూసుకోగలిగినది ఈ అచ్చుపటాల పుణ్యమే. మేము ఇవ్వని చోటును వారికి ఒక కాగితం ఇచ్చింది.

అయినా దీనిలోని ఆకాశం స్వభావం వేరు. రేఖలు ఒక బిందువులో కలిసే చిత్రం చూసేవాడిని కూడా ఒక బిందువులో నిలబెడుతుంది. గవాక్షం గుండా చూస్తున్నట్లు ఉంటుంది. అవతల సభ, ఇవతల నేను. ఎంత లోతుగా కనిపిస్తే స్వామి అంత దూరం జరుగుతాడు. ఇంటిలో ఒక్కడు ఒక పటం ముందు కూర్చునేటప్పుడు ఇది బాధించదు. రెండువందలమంది పలుదిక్కుల నుండి చూసే మండపంలో ఆ సరైన బిందువు ఒక్కరికే దక్కుతుంది. మిగిలినవారికి స్తంభాలు వంకరగా తోస్తాయి.

బాపు: విడిచిన చోటు

ఇక మన కాలపు మహనీయుడు బాపు (1933–2014). ఆయన రామాయణ చిత్రాలలో చాలాచోట్ల నేపథ్యమే ఉండదు. ఒక రేఖ భుజమవుతుంది, అదే రేఖ ఉత్తరీయమవుతుంది. మిగిలినదంతా తెల్లని కాగితం. ఆ తెలుపు అడవియా, ఆకాశమా, రాముని మౌనమా అన్నది చూసేవాడు నింపుకోవాలి. లేపాక్షి చిత్రకారుడు మన పాదాలకు పని చెప్పాడు, చేర్యాల నకాశీ మన చెవికి చెప్పాడు, బాపు మన మనస్సుకు చెప్పారు. కాగితాన్ని విడిచిపెట్టడం కూడా నైవేద్యమేనని ఆయన రేఖ నేర్పుతుంది.

తెలియక కాదు

పూర్వులకు లోతు చూపడం తెలియక ఇలా చిత్రించారని కొందరంటారు. విష్ణుధర్మోత్తరపురాణం తృతీయఖండంలోని చిత్రసూత్రం చూసినవారు ఈ మాట అనలేరు. అందులో మార్కండేయ మహర్షి వజ్రమహారాజుకు చిత్రవిద్యను ఉపదేశిస్తారు. శరీరం తిరిగిన కొలదీ అవయవాలు కుదించి, పెంచి చూపే క్షయవృద్ధి విధానాన్ని, తొమ్మిది స్థానభేదాలను అక్కడ వివరించారు. నృత్యం తెలియనివానికి చిత్రం తెలియదని కూడా ఆ ఉపదేశపు సారాంశం. అనగా కన్ను ఒక్కటే చాలదు, కదలిక తెలియాలి, శబ్దం తెలియాలి. విద్య ఉండి కూడా ఆలయచిత్రంలో దూరాన్ని పరిమితం చేశారంటే, అది ఎంపిక. ఆ మార్కండేయుని పేరిటి పురాణమే కూనపులివారి పటంపై పాటయై తిరిగిందన్నది నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

నా అపరాధం

ఇంతవరకు పండితుని వలె వ్రాశాను. ఇప్పుడు అసలు మాట చెప్పాలి. మా ఆలయంలో పూర్వం ఒక పట్టాభిషేక చిత్రం ఉండేది. పాత మండపపు గోడమీద, ఎవరో పేరు తెలియని స్థానిక చిత్రకారుడు మట్టిరంగులతో వేసినది. హనుమంతుడు లక్ష్మణుని కంటె పెద్దగా ఉండేవాడు. సీతమ్మ కన్ను ముఖంలో సగం ఆక్రమించేది. పదిహేనేళ్ళ క్రితం ఉత్సవాలకు ముందు, కొలతలు తప్పిన బొమ్మ అని, రంగు వెలిసిందని చెప్పి సున్నం వేయించినది నేనే. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ చోట అచ్చుపటం ఒకటి పెట్టించి, ఆలయం శుభ్రమైందని సంతోషించాను.

మరునాడు ఉదయం, ప్రతిదినం కూరగాయల గంప బయట దించి లోపలికి వచ్చే ఒక వృద్ధురాలు గోడముందు చాలాసేపు నిలబడింది.

"అయ్యగారూ, నేను రోజూ నిలబడే జాగకు ఎదురుంగ రాముడు కూసునేటోడు గద! ఇప్పుడు నన్నెవరు జూస్తరు?" అని అడిగింది.

కొత్తపటం చూపించాను. "గాయన ఎటో దూరం జూస్తున్నడు" అన్నది. అంతే. మళ్ళీ ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. ఆ తరువాత ఆమె లోపలికి రావడం తగ్గింది. ధ్వజస్తంభం దగ్గరే దండం పెట్టుకొని వెళ్ళేది. కొన్నేళ్ళకు కాలం చేసింది.

నేను చదివిన శాస్త్రమంతా ఆమె ఒక్క వాక్యంలో చెప్పింది. నేను చిత్రాన్ని చూశాను, కొలతలు చూశాను. ఆమె చిత్రం తనకిచ్చిన జాగను చూసింది. సున్నం వేసినది రంగుల మీద కాదు, ఆమె నిలబడే చోటు మీద.

నా అభిప్రాయం

కాబట్టి ఉత్తరపు గోడ విషయంలో నా మాట ఇది. ఆ గోడకు చేతితో వ్రాసిన చిత్రమే కావాలి. సమీపంలోని చేర్యాల సంప్రదాయంలో, సమతలంగా, ఎర్రని నేపథ్యంతో, గోడ పొడవునా ఎక్కడ నిలబడినవారికి అక్కడ ఒక పాత్ర ఎదురయ్యేటట్లు ఉండాలి. మధ్యన పట్టాభిషేకం. అడుగుభాగాన మన ప్రాంతపు కథ ఒకటి ఉండాలి. మన కీసరగుట్ట స్థలపురాణం అందరికీ తెలిసినదే. రాముడు లింగప్రతిష్ఠకై సంకల్పించి కాశీ నుండి లింగం తెమ్మని హనుమంతుని పంపగా, ఆయన రాక ఆలస్యమైంది. ముహూర్తానికి శివుడే స్వయంగా లింగాన్ని అనుగ్రహించాడు. నూటొక్క లింగాలతో వచ్చిన ఆంజనేయుడు ఖిన్నుడై వాటిని గుట్టపై వెదజల్లాడు. స్వామి ఆయనను ఓదార్చి, ఆ గిరికి కేసరిగిరి అని పేరు నిలిపాడు. నేటికీ గుట్టపై అక్కడక్కడ లింగాలు దర్శనమిస్తాయి. అది నడిచి చూడవలసిన చిత్రం. ఏ ఒక్క బిందువు నుండీ అది పూర్తిగా కనిపించదు. ఏ లింగం ముందు నిలబడినా అది మన ఎదుటనే ఉంటుంది. ఆలస్యమై వచ్చిన సేవకునికి కూడా స్వామి చోటిచ్చిన కథ మన గోడమీద ఉండడం ఉచితం.

నాయనా, నీవు చూపిన చిత్రం చెడ్డదని నేను అనను. నీ ఇంటి పూజాగదిలో, నీవు ఒక్కడవు కూర్చునే చోటుకు ఎదురుగా పెట్టుకో, తప్పక శోభిస్తుంది. సభలోకి నడిచి వెళ్ళాలన్న నీ ఆర్తి సత్యమైనది. అయితే ఆ నడక స్తంభాల మధ్య నుండి కాదు. ఛాందోగ్యోపనిషత్తు హృదయకమలంలోని దహరాకాశాన్ని గురించి చెబుతూ, వెలుపలి ఆకాశమెంతటిదో లోపలిదీ అంతటిదేనని బోధిస్తుంది. మంచి చిత్రం ఆ లోపలి చోటుకు ద్వారం తెరుస్తుంది. గోడ వెనుక లోతును చూపించి మన కన్నును అక్కడే ఆపివేసే చిత్రం ఆ ద్వారం దాకా తీసుకొనిపోదు.

ఆలయసంఘం వేరుగా నిశ్చయిస్తే, ఆ చిత్రానికి కూడా ఇదే భక్తితో హారతి ఇస్తాను. అది నా ధర్మం. కానీ నిశ్చయించే ముందు అందరూ ఒక్కసారి ఆ ఖాళీగోడ ముందుకు రండి. మీరు రోజూ నిలబడే చోట నిలబడండి. అక్కడ నుండి మిమ్మల్ని ఎవరు చూడాలని మీరు కోరుకుంటున్నారో ఆలోచించండి. కూరగాయల గంపతో వచ్చే మరొక తల్లికి ఆ గోడమీద జాగ ఉండాలి. నాకు కావలసిన ప్రాయశ్చిత్తం అంతకంటె వేరే లేదు.

శుభం భూయాత్.